మెక్సికో నీళ్ళు

మార్చి నెల వస్తే మా ఇంట్లో ఎవరో ఒకరు మెక్సికో మాట ఎత్తుతారు. బయట మిస్సిసాగా మంచు మురికిపట్టి కుప్పలుగా పడి ఉంటుంది. మా అల్లుడు డేవిడ్‌సన్ పార పట్టుకుని వాకిట్లో నుంచుని, "అత్తయ్యగారూ, అదే అక్కడైతే ఈపాటికి కొబ్బరినీళ్ళు తాగుతుండేవాళ్ళం" అంటాడు. మనవరాలు ప్రియ ఇప్పుడు హాలిఫాక్స్‌లో చదువుకుంటోంది. ఫోన్ చేసినప్పుడు అదీ ఆ నీళ్ళనే తలుచుకుంటుంది. నా కూతురు ఫేబీ ఒక్కతే ఏమీ అనదు. చిన్నగా నవ్వి వేరే పనిలో పడుతుంది.

మేం మెక్సికో వెళ్ళిన ఏడాది చలికాలమంతా మాత్రం ఇంట్లో నవ్వులేం లేవు. తల్లీకూతుళ్ళకి మాటల్లేవు.

"అమ్మా, దాన్ని అన్నానికి రమ్మను" అని ఫేబీ కిందనుంచి నాకు చెప్పేది.

"అమ్మమ్మా, నాకు ఆకలి లేదని చెప్పు" అని ప్రియ మేడమెట్ల మీదనుంచి నాకే చెప్పేది.

ఇద్దరికీ ఇద్దరి మాటలూ శుభ్రంగా వినపడుతూనే ఉండేవి. మధ్యలో గరిటె పట్టుకుని నేను. ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో షిఫ్టు ముగించుకుని వచ్చిన డేవిడ్‌సన్ బూట్లు విప్పుతూ, "ఇవాళ ఎవరి తరఫున అత్తయ్యగారూ?" అని అడిగేవాడు.

గొడవ బాప్తిస్మం గురించి. మా తెలుగు సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఇంగ్లీషువాళ్ళ చర్చిలో కూడుకుంటుంది. అక్కడ వేదిక వెనకాల మనిషి నడుం లోతు నీళ్ళతొట్టి ఉంది. ఈస్టరు నాడు ప్రియ అందులో దిగి బాప్తిస్మం తీసుకుంటుందని ఫేబీ పాస్టరుగారికి చెప్పేసింది. తెల్లగౌను కొనేసింది. స్కార్‌బరోలో ఉన్న చుట్టాలని పిలిచేసింది. అన్నీ అయ్యాక ప్రియకి చెప్పింది. అడగలేదు, చెప్పింది.

ప్రియకి అప్పుడు పదహారేళ్ళు. నా మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "నాకు ఇంకా తెలీదు అమ్మమ్మా" అంది. "నమ్ముతున్నానా లేదా అని ఐ యామ్ స్టిల్ థింకింగ్. అందరి ముందూ నీళ్ళలో నుంచుని నమ్ముతున్నా అంటే అది అబద్ధం కదా? అదీ చర్చిలో!"

"మీ అమ్మకి ఇదే మాట చెప్పకపోయావా?"

"చెప్పా. ముందు దిగు, నమ్మకం అదే వస్తుందంది."

ఫేబీ తొందర ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పుట్టింటివాళ్ళు గుంటూరు లూథరన్లు. నెలల పిల్లప్పుడే మా నాన్న నన్ను పొత్తిగుడ్డలో చుట్టి గుడికి ఎత్తుకుపోతే, పాస్టరు నెత్తిన నీళ్ళు చిలకరించి బాప్తిస్మం ఇచ్చాడు. మా అత్తింటివాళ్ళు చీరాల పక్క బాప్టిస్టులు. వాళ్ళ లెక్కలో, మనిషికి తెలివొచ్చాక తనంతట తాను ఒప్పుకుని నిలువునా మునిగిందే బాప్తిస్మం. మిగతాది తల తడుపుకోవడం. మునగనివాళ్ళకి ప్రభు బల్లలో, అంటే గుడిలో పంచే రొట్టె ద్రాక్షరసాల్లో, పాలు లేదు. కాపరానికి వెళ్ళిన మొదటివారమే మా అత్త నన్ను మునగమంది. మునగనన్నాను. నాన్న ఎత్తుకెళ్ళి చేయించింది చెల్లదని నా నోటితో నేను ఎలా ఒప్పుకునేది? ఇక అంతే. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్ళెం ఆడవాళ్ళందరి ముందూ ఆగి, నన్ను దాటి పోయేది. నా పక్కన చాపమీద కూర్చుని ఫేబీ అది చూస్తూ పెరిగింది. "చిలకరింపు దాని కూతురు" అని తోటిపిల్లలు దాన్ని ఏడిపించేవాళ్ళు.

ఇంట్లో ఆ వాతావరణం చూడలేక డేవిడ్‌సన్ మార్చి సెలవులకి మెక్సికో ప్రయాణం కట్టాడు.

"ఈస్టరు పనులు పెట్టుకుని మెక్సికో ఏంటండీ?" అంది ఫేబీ.

"పాత రాజ్యాల గుళ్ళున్నాయి. నేల అడుగున మంచినీళ్ళ కొలనులున్నాయి. ఎండుంది. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడ మేడమెట్లు లేవు. నలుగురికీ ఒకటే రూము. అరుచుకోవాలన్నా మొహాలు చూసుకుని అరుచుకోవాలి."

కొలనుల మాట వినగానే ప్రియ కిందకి దిగొచ్చింది. ఈతంటే దానికి ప్రాణం. కమ్యూనిటీ సెంటరులో లైఫ్‌గార్డు పరీక్షకి తయారవుతోంది అప్పుడు. "వాటిని సెనోటేలంటారు అమ్మమ్మా" అంది. "పైన సున్నపురాయి కూలిపోయి, కింద దాక్కున్న నీళ్ళు బయటపడతాయి. సముద్రం కాదు. స్వీట్ వాటర్."

"తియ్యనీళ్ళా? అయితే మన బావులే" అన్నాను.

*

విమానం దిగిన మర్నాడే మమ్మల్ని బస్సులో చిచెన్ ఇట్సా తీసుకెళ్ళారు. మాయా జాతివాళ్ళు ఎప్పుడో కట్టి వదిలిన పట్నం అది. నాలుగు వైపులా మెట్లున్న పెద్ద రాతిగోపురం, బంతాట ఆడిన మైదానం, వరసలు వరసలుగా స్తంభాలు. ఎండ మాడు పగలగొడుతోంది. చలికాలమంతా కోట్లలో మగ్గిన నా ఒంటికి అది ఎంత హాయిగా ఉందో! రాళ్ళ మీద పాములు, పులులు, పుర్రెలు చెక్కారు. వాటి పక్కనే గీతలు గీతలుగా వాళ్ళ రాత. చదువు నాకు నడివయసులో అబ్బింది. ఏ రాత కనపడినా ముందు కాస్త భయపడి, తర్వాత దగ్గరికెళ్తాను. అక్కడా అలాగే చాలాసేపు నుంచున్నాను.

మాకు అన్నీ చూపించినావిడ పొట్టిగా, మన పక్క మనిషిలాగే చామనచాయగా ఉంది. "మాయావాళ్ళు మాయమైపోయారని పుస్తకాల్లో రాస్తారు. మరి నేనెవర్ని?" అని నవ్వింది. గోపురం మెట్లకి ఎదురుగా నుంచుని చప్పట్లు కొట్టమంది. కొడితే పైనుంచి పిట్ట కూసినట్టు బదులొచ్చింది. డేవిడ్‌సన్ చిన్నపిల్లాడిలా కొడుతూనే ఉన్నాడు.

"చాలు ఊరుకోండి, అందరూ చూస్తున్నారు" అంది ఫేబీ.

"ఇంట్లో నేనేం అడిగినా ఎవరూ పలకరు. ఇక్కడ రాయి పలుకుతోంది, కాసేపు పలకనీ" అన్నాడు.

ప్రియ మొహం తిప్పుకుంది గాని, నవ్వడం నేను చూశాను.

చెట్లమధ్య దారిలో నడిపించి చివరికి ఒక పెద్ద గుంట ఒడ్డుకి తీసుకెళ్ళారు. అదీ సెనోటేనే, కానీ ఈదేది కాదు. చుట్టూ నిలువుగా కోసినట్టు తెల్లరాయి, ఎక్కడో అడుగున పచ్చటి నీళ్ళు. వానలు కురవాలని మొక్కుకుని పూర్వం అందులోకి బంగారం, పచ్చరాళ్ళు, సాంబ్రాణి ముద్దలు వేసేవాళ్ళట. మనుషుల్నీ వేసేవాళ్ళట. తర్వాతి కాలంలో వెతికితే ఎముకలు దొరికాయి, పిల్లలవి కూడా. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే ప్రియ నాకు తెలుగు చేసి చెప్పింది.

"ప్రభువా" అని ఫేబీ కళ్ళు మూసుకుంది.

ప్రియ ఆ నీళ్ళకేసే చూస్తూ, "వాళ్ళని ఎవరైనా అడిగారా?" అంది.

ఇంట్లో అది నోరు తెరిస్తే సగం ఇంగ్లీషే. ఆ ఒక్క మాటా అచ్చ తెలుగులో, పక్కనున్న తల్లికి తగిలేటట్టు అంది.

ఫేబీ మొహం ఎర్రబడింది. "ఏంటే నువ్వనేది? నేను నిన్ను చంపుతున్నానా? నీకు రక్షణ కోరుకుంటున్నా. దానికీ దీనికీ పోలికా?"

"అడిగారా అన్నా, అంతే."

"ఏమండీ, మీ కూతురికి చెప్పండి..."

"తల్లీ, ముందు నీడలోకి రండి ఇద్దరూ" అన్నాడు డేవిడ్‌సన్. ఈస్టరు ఇంక రెండు మూడు వారాల్లోకి వచ్చింది. ఈ పిల్లని తొట్టిలోకి లాక్కెళ్ళి దించితే, తర్వాత ఇది తల్లి గడపలోకి మనసారా అడుగు పెడుతుందా అని నాకు దిగులు పట్టుకుంది. చెబితే వినే మనిషి కాదు ఫేబీ. వినకపోవడం నా పోలికే.

*

మర్నాడు తీసుకెళ్ళింది ఈదే సెనోటేకి. ముందు ఒంటికి రాసుకున్న క్రీములన్నీ పోయేదాకా స్నానం చేయించారు. నీళ్ళు పాడవకూడదని అక్కడ అది కట్టుబాటు. తర్వాత ఒక్కొక్కరికీ నారింజరంగు తేలే కోటు తొడిగారు. పంజాబీ డ్రెస్సు మీద దాన్ని బిగిస్తే నన్ను చూసి డేవిడ్‌సన్, "అత్తయ్యగారూ, రోడ్డు రిపేరుకి వెళ్తున్నట్టున్నారు" అన్నాడు.

చెక్కమెట్లు భూమిలోకి దిగాయి. కింద పెద్ద గుహ. పైకప్పులో ఒకచోట కంత ఉంది. అందులోంచి చెట్టువేళ్ళు తాళ్ళలాగా నీళ్ళదాకా వేలాడుతున్నాయి. ఎండ ఒక్క కిరణంలా దిగి, నీళ్ళలోపలికి కూడా పోయి, అడుగున రాళ్ళు చూపిస్తోంది. నీలం కాదు, పచ్చ కాదు. అలాంటి రంగు నేను ఎక్కడా చూడలేదు. వేళ్ళంత నల్లచేపలు గుంపులుగా తిరుగుతున్నాయి.

ప్రియ చప్పుడు లేకుండా దిగి, చేపలాగా ఒక చుట్టు తిరిగొచ్చి మెట్టు పట్టుకుంది. "రా అమ్మమ్మా."

"నేనా? చాల్లే!"

"నీకు ఈత వచ్చన్నావుగా."

వచ్చు. పెళ్ళికి ముందు వచ్చు. మా ఊరి కాలవలో బర్రెల్ని కడగడానికి దించి, వాటి తోకలు పట్టుకుని అవతలి ఒడ్డుకి పోయేవాళ్ళం. జడలు విప్పుకుని, నోటినిండా నీళ్ళు పట్టుకుని ఒకరిమీద ఒకరు ఊసుకుంటూ, కళ్ళు ఎర్రబడేదాకా. మా అమ్మ బెత్తం పట్టుకొస్తే తప్ప గట్టెక్కేదాన్ని కాదు. అత్తింటికి వచ్చాక ఆ సరదా పోయింది. అక్కడా ఇంటి ముందే కాలవ. కానీ నేను అందులో కాళ్ళు కడుక్కున్నా చాలు, గట్టుమీద పోయేవాళ్ళు, "ఏం కృపాబాయీ, ఇవాళేనా ముహూర్తం?" అనేవాళ్ళు. నేను నీళ్ళలోకి దిగితే అది ఒక్కదానికే అని వాళ్ళ లెక్క. దాంతో దిగడమే మానేశాను. చెంబుతో తోడుకునే నీళ్ళు తప్ప, ఒళ్ళు మునిగే నీళ్ళు మళ్ళీ ఎరగను.

గుహలో గట్టు మీదనుంచి ముహూర్తం అడిగేవాళ్ళెవరూ లేరు. చున్నీ తీసి ఫేబీకిచ్చి మెట్లు దిగాను.

నీళ్ళు చల్లగా పొట్టదాకా వచ్చేసరికి కెవ్వుమన్నాను. ప్రియ నా నడుం కింద చెయ్యి పెట్టింది. "తల వెనక్కి వాల్చు. కాళ్ళు వదిలెయ్. నేనున్నా." వాల్చాను. చెవులు నీళ్ళలోకి పోగానే లోకంలో చప్పుడంతా ఆగిపోయింది. పైన కంతలో గుండ్రటి ఆకాశం. ఒక పిట్ట దాన్ని దాటి వెళ్ళింది. ఆ తర్వాత చేతులూ కాళ్ళూ వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. వాటికి నా వయసు ఎవరూ చెప్పినట్టు లేదు. వేళ్ళ వరకూ ఈదాను. వెనక్కి వచ్చాను. కిందనున్న చేపల్ని చూద్దామని బోర్లాపడి తల ముంచాను. కోటు మునగనిస్తేగా! ప్రియ నా భుజాలు పట్టి అదిమింది. ఇద్దరం ఒక్క క్షణం లోపలికి పోయి, బుడుంగున పైకి తేలాం. ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతూ ఒకటే నవ్వు.

గట్టుమీద ఫేబీ నా చున్నీ గుండెలకి హత్తుకుని నుంచుంది. కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

పైకి రాగానే తువ్వాలు తీసుకుని నా తల అదే తుడిచింది. తుడుస్తూ ఏడ్చింది. "ఎన్నాళ్ళకమ్మా" అంది. ముసలితనంలో తల్లి సరదా పడిందని మురిసిందనుకున్నాను. నా కళ్ళూ తడయ్యాయి.

*

హోటలుకి వచ్చాక బట్టలు మార్చుకుని బాత్‌రూములోంచి వస్తుంటే ఫేబీ ఫోన్లో మాట్లాడుతోంది. "అవును పాస్టరుగారూ, మా అమ్మే. ఇన్నేళ్ళ ప్రార్థనకి ఇవాళ జవాబొచ్చింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు, తనంతట తనే దిగింది. నా కళ్ళతో చూశాను, పూర్తిగా మునిగింది. మనసు దిగింది కాబట్టి ఇక తొట్టిలో దిగడమే. ఈస్టరుకి ఇద్దరి పేర్లూ రాసుకోండి. అమ్మదీ, ప్రియదీ."

ఫేబీ ఫోన్ పెట్టేసి ప్రియ వైపు తిరిగింది. అన్ని నెలల తర్వాత మొదటిసారి దానితో మెత్తగా మాట్లాడింది.

"చూశావుగా నాన్నా? ఈ వయసులో అమ్మమ్మే ఒప్పుకుంది. నువ్వే పట్టుకుని దించావు. ఆవిడ పక్కన దిగడానికి నీకేం అడ్డం చెప్పు?"

ప్రియ నా వైపు చూసింది. "నిజమా అమ్మమ్మా?"

ఊఁ అంటే చాలు. నా కూతురు జీవితమంతా మోసిన బరువు ఆ పూట దిగిపోతుంది. నా బతుకులో మిగిలిన నాలుగు రోజులూ అందరితో పాటు బల్లలో నాకూ పాలుంటుంది. ప్రియ కూడా నాకోసం దిగుతుంది, అది నాకు తెలుసు. నన్ను కాదనలేక దిగుతుంది. దాని కళ్ళు నా మొహం మీదనుంచి కదల్లేదు.

"నేను ఈతకి దిగానే ఫేబీ" అన్నాను.

"తల ముంచావు కదా!"

"చేపలు చూద్దామని."

డేవిడ్‌సన్‌కి నవ్వొచ్చి, దాన్ని దగ్గులోకి మార్చుకున్నాడు. ఫేబీ బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపాగి నేనూ వెళ్ళాను. ఎండ ఇంకా ఉంది. కింద ఎవరివో పిల్లలు ఇసుకలో గెంతుతున్నారు.

"పాస్టరుగారికి ఏమని చెప్పను?" అంది నావైపు తిరక్కుండా.

"మా అమ్మకి ఈత సరదా అని చెప్పు."

"నీకు అంతా వేళాకోళం. పళ్ళెం వచ్చే టైముకి నువ్వు తల దించుకునేదానివి. నేను పక్కన కూర్చుని సిగ్గుతో చచ్చేదాన్ని. నా బిడ్డ అలా కూర్చోకూడదనేగా నా తాపత్రయం? తప్పా?"

"ఆ పళ్ళెం తెచ్చేది ఎవరే?"

"నాన్న. ఆయన డీకను కదా, సంఘంలో పంచేది ఆయనే."

"నా దగ్గరికి వచ్చేసరికి మీ నాన్న పళ్ళెం కాస్త పైకెత్తి పక్కామెకి అందించేవాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి వద్దనాల్సిన పని లేకుండా. గుడి వదిలాక నువ్వు పిల్లలతో ముందు పరిగెత్తేదానివి. మేం వెనక వచ్చేవాళ్ళం. గట్టుమీద టీకొట్లో సీసాలోంచి ఒక బన్ను తీయించి, విరిచి, సగం నా చేతిలో పెట్టేవాడు. ఆ మొదటి ఆదివారాల్లోనే. మిగతా ఆదివారాలు కొనేవాడు కాదు. ఏమీ అనేవాడు కాదు. తింటూ ఇంటికొచ్చేవాళ్ళం."

ఫేబీ ఇటు తిరిగింది. "నాకెప్పుడూ చెప్పలేదే!"

"ఏముందని చెప్పను? బన్నేగా."

"నాన్న నిన్ను మునగమని అడగలేదా?"

"పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాడు. వద్దన్నాను. మళ్ళీ ఎత్తలేదు. పోయేముందు ఆస్పత్రిలో అందరూ మంచం చుట్టూ చేరి, మీ ఆయన సువార్తరాజు ఆఖరి కోరికైనా తీర్చమ్మా అని నామీద పడితే, ఆయన చెయ్యెత్తి వాళ్ళని ఆపాడు. ఊళ్ళో అందరూ అడిగేవాళ్ళే. అడగనివాడు ఒక్కడున్నాడు. ఆ ఒక్కడితో నేను కాపరం చేశాను."

ఫేబీ నా తలమీద చెయ్యి పెట్టి చూసింది. తర్వాత, "నీ జుట్టు ఇంకా తడిగానే ఉంది, పడిశం పడుతుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

*

తిరిగొచ్చేసరికి మిస్సిసాగాలో మళ్ళీ మంచు కురిసి ఉంది. ఫేబీ ఏం నిర్ణయించుకుందో ఎవరికీ తెలియలేదు. తెల్లగౌను అల్మారాలో వేలాడుతూనే ఉంది. ఒకరోజు ప్రియ నా గదిలోకి వచ్చి, "మమ్మీ ఏమైనా అందా?" అని అడిగింది. లేదన్నాను. మర్నాడు ఫేబీ వచ్చి, "అదేమైనా అందా?" అని అడిగింది. లేదన్నాను.

ఈస్టరు నాడు ఫేబీ తెల్లారకుండానే లేచి బిర్యానీకి ఉల్లిపాయలు వేయించడం మొదలుపెట్టింది. బయల్దేరే వేళకి ప్రియ జీన్స్ ప్యాంటు, నల్ల స్వెటరు వేసుకుని వచ్చి హాల్లో నుంచుంది. దెబ్బకి కాసుకుని ఉన్నట్టుంది ఆ నిలబడ్డం. డేవిడ్‌సన్ కారుతాళాలు పట్టుకుని కదలకుండా ఆగిపోయాడు.

ఫేబీ దాన్ని ఒకసారి కిందనుంచి పైదాకా చూసింది.

"ఆ పెద్ద గిన్నె నువ్వు పట్టుకో" అంది. "కారులో ఒలక్కుండా చూడు."

ఆరాధనలో ముగ్గురు పిల్లలు తొట్టిలో దిగారు. ప్రియ మా ఇద్దరి మధ్య కూర్చుని, వాళ్ళు మునిగి లేచినప్పుడల్లా అందరితో పాటు చప్పట్లు కొట్టింది. ఫేబీ తలెత్తుకునే కూర్చుంది.

వెనక హాల్లో భోజనాల దగ్గర స్కార్‌బరో నుంచి వచ్చిన డేవిడ్‌సన్ అక్క కాగితప్పళ్ళెం పట్టుకుని వరసలోకి వచ్చింది. నలుగురూ వినేటట్టు, "ఏం ఫేబీ, నాలుగొందల ఒకటి హైవే మీద ట్రాఫిక్‌లో పడి చచ్చీచెడీ వచ్చాం. మీ పిల్లది తొట్టిలో దిగనే లేదేం? జ్వరమా?" అంది.

ప్రియ తల దించుకుంది.

"జ్వరమేం లేదు వదినా. అది ఇంకా ఆలోచించుకుంటోంది" అంది ఫేబీ. "దానికి చెప్పాలనిపించినప్పుడు అదే చెబుతుంది. అప్పుడు పిలుస్తాను, మళ్ళీ వద్దురుగాని. ముక్కలు వెయ్యనా, అన్నం చాలా?"

"ముక్కలు వెయ్యి" అంది ఆవిడ, పళ్ళెం ముందుకి చాపి.

ఫేబీ గిన్నె వంచి వడ్డించబోయింది. గొంతు నిలకడగానే ఉంది గాని, గిన్నె ఒక పక్కకి ఒరిగిపోతోంది. నేను లేచి వెళ్ళి గిన్నె రెండో చెవి పట్టుకున్నాను.